ఏడో ఫొటో

నేను బీరు తాగను. నియమం ఏమీ కాదు, కాకరకాయ కూర తప్ప ఇంకే చేదూ నా గొంతు దిగదు, అంతే. అయినా కేంబ్రిడ్జ్ వచ్చాక పబ్బుల చుట్టూ తిరిగే పిచ్చి పట్టుకుంది. లోపలికి కాదు, బయట వేలాడే బోర్డుల కోసం. ఎర్ర సింహం, తెల్ల దుప్పి, కిరీటం, ఓక్ చెట్టు... ఒక్కో పబ్బుకీ ఒక్కో బొమ్మ. ఏల్ (ఇక్కడి పాతకాలపు బీరు) అమ్మేవాళ్లు ఇంటి ముందు గుర్తు కట్టి తీరాలని 1393లో రెండో రిచర్డ్ రాజు చట్టం చేశాడట. ఆ తెల్ల దుప్పి ఆయన చిహ్నమే. మన ఎన్నికల గుర్తుల్లాగే, చదువు రానివాడు కూడా దారి తప్పకూడదు కదా!

ఈ ఫొటోలు చూసి మా ఆఫీసు పెద్దాయన ముచ్చటపడ్డాడు. అసలైన ఏల్‌ని బతికించాలని 1971లో మొదలైన కామ్రా అనే సంఘంలో ఆయన సభ్యుడు. మే నెలలో జీసస్ గ్రీన్ మైదానంలో జరిగే బీరు పండగలో, పైసా జీతం లేకుండా పీపాల దగ్గర నిలబడి పోస్తాడు. "ఈసారి వచ్చి ఒక్కో బీరుకీ ఒక్కో ఫొటో తీసిపెట్టు" అన్నాడు. గ్లాసు కదలదు, కళ్లు మూయదు, "నా బుగ్గలు లావుగా పడ్డాయి" అని అలగదు. పెళ్లి ఫొటోలకన్నా నయమేగా అని ఒప్పుకున్నాను.

పెద్ద గుడారం. వరసగా పేర్చిన పీపాలు, ఒక్కోదాంట్లో 72 పింట్లు (పింటంటే అర లీటరుకి కాస్త ఎక్కువ). మామూలు పబ్బులో పంపుతో లాగుతారు. ఇక్కడ పీపాకే కుళాయి, తిప్పితే ధార. అందుకే ప్రకటనల్లో కనిపించే నురగ కిరీటం రాదు. ఏల్‌ని మరీ చల్లగా ఇవ్వరు కాబట్టి గ్లాసు మీద నీటిచుక్కలూ ఉండవు. "మరి ఇంత తేటగా ఎలా ఉంది?" అన్నాను. చేప తిత్తి నుంచి తీసిన జిగురు కొన్ని పీపాల్లో కలుపుతారట, మడ్డంతా అడుక్కి దిగుతుందట. మా అమ్మమ్మ బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేది, అలాగన్నమాట. కాకపోతే ఇది చేప.

గుడారంలో వెలుతురు చాలక, మూడో వంతు పింట్ పోయించుకుని, ఎండ కోసం పచ్చిక మీదకి పరుగెత్తాను. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. రెండో బీరు దగ్గర తెలిసింది అసలు చిక్కు. డిపాజిట్ కట్టి తెచ్చుకున్న గ్లాసు ఒక్కటే. అది ఖాళీ అయితే గాని రెండోది పోయరు. గడ్డి మీద వంపబోయాను. పక్కన కూర్చున్న ముసలాయన, కంచంలో అన్నం వదిలేస్తే మా నాయనమ్మ చూసినట్టు చూశాడు. ఆ చూపుకి జడిసి ఆయన గ్లాసులోనే వంపేశాను.

తప్పు అక్కడే జరిగింది.

నాలుగో బీరుకి ఆ ముసలాయన స్నేహితులు, ఏడోదానికి ముక్కూమొహం తెలియనివాళ్లు. ఎవరూ చెప్పకుండానే క్యూ కట్టారు, ఇంగ్లండు కదా. ప్రసాదం పంచే పూజారిలా నేను. కాసేపటికి సలహాలు మొదలయ్యాయి. "ఈ ఎండకి లేత రంగు నప్పదోయ్, ఆ చివర 7 శాతం ఆల్కహాలున్న పోర్టర్ అనే నల్ల బీరు ఉంది, దాన్ని పట్రా." పట్టుకొచ్చాను. "వెలుతురు మారింది, దాన్నే ఇంకోసారి తియ్యి." తీశాను! డబ్బు నాది, నడక నాది, రుచి వాళ్లది. మొత్తం 23 ఫొటోలు. లెక్కేస్తే ఎనిమిది పింట్లకి కాస్త తక్కువ దానం చేశాను.

రాత్రి ఇంటికొచ్చి చూసుకుంటే గుండె జారింది. 23 గ్లాసుల గోధుమరంగు ద్రవం. పేర్లు రాసిన అట్టలన్నీ గుడారంలో పీపాల మీదే ఉండిపోయాయి, ఒక్కటీ ఫొటోలోకి రాలేదు. ఏది పోర్టరో ఏది మైల్డో నాకేం తెలుసు? సరే, పెద్దాయనే పోల్చుకుంటాడని, పన్నెండు దాటాక నిద్రకళ్లతో అన్నీ పంపేసి పడుకున్నాను. వెళ్లింది మాత్రం "మన ఇల్లు" గ్రూపుకి.

అక్కడ తెల్లారి అమ్మ లేవగానే ఫోన్. "జలుబు చేసిందా నాన్నా? ఇన్ని కషాయాలు కాచుకున్నావు! మిరియాలు వేశావా?"

"వేశానమ్మా."

"ఎంత తేటగా వడకట్టావురా! ఏ గుడ్డ?"

నీసు ముట్టని ఇల్లు మాది. చేప మాట నోటిదాకా వచ్చి ఆగింది. "పాత పంచె" అన్నాను.

కాసేపటికి బాబాయి దగ్గర్నుంచి విడిగా మెసేజ్ వచ్చింది. "గ్లాసు మీద కొలత గీతలున్న కషాయం ఇప్పుడే చూస్తున్నానురా. అన్నయ్యకి చెప్పనులే గాని, ఆ ఏడోదాని పేరేంటి? సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు సీసాలు పట్రా."

ఏడో ఫొటో తెరిచి పెద్దది చేశాను. గ్లాసు వెనక పేరు లేదు, పీపా లేదు. నా వైపే వస్తున్న ఖాళీ గ్లాసులు మూడు కనిపించాయి.