యాజ్ ఎక్స్‌పెక్టెడ్ పరిరక్షణకై ఒక విజ్ఞప్తి

జపనీయం నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేసేవాళ్లలో ఒక చెడ్డ అలవాటు ముదురుతోంది. దాని పేరు సహజత్వం. చదివేవాడికి ఇది అనువాదమన్న అనుమానమే రాకూడదట! ఆ వంకతో మూలంలో ఉన్న క్రియావిశేషణాలను, అంటే పని ఏ తీరున జరిగిందో చెప్పే మాటలను, పట్టపగలే మాయం చేస్తున్నారు. నిఘంటువులో ప్రతి మాటకీ ఎదురుగా ఒక అర్థం అచ్చేసి ఉంది కదా, అది తీసి ఇక్కడ పెట్టడానికి నొప్పేమిటని అడిగితే నవ్వుతారు. ఏ రకం నవ్వో తర్వాత చెబుతాను.

ముందు యప్పరి అనే జపనీయ మాట సంగతి తేలాలి. యాజ్ ఎక్స్‌పెక్టెడ్ అని నిఘంటువు కుండబద్దలు కొడుతోంది. వాన పడుతుందనుకున్నాం, యప్పరి పడింది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. చిక్కల్లా కాఫీ హోటల్లో వస్తుంది. జపాన్‌లో ఒకాయన టీ చెప్పి, అంతలో మనసు మారి ‘యప్పరి, కాఫీ’ అంటాడు. మనమైతే ‘వద్దులే, కాఫీయే ఇవ్వు’ అంటాం. సహజత్వంవారు దీన్ని ఇంగ్లీషులో ‘ఆన్ సెకండ్ థాట్’ అనో, మరీ తెగించినవాళ్లు ‘యాక్చువల్లీ’ అనో రాస్తున్నారు. నేను ససేమిరా ఒప్పుకోను. ‘యాజ్ ఎక్స్‌పెక్టెడ్, ఐ విల్ హ్యావ్ కాఫీ’ అనే ఉండాలి. ఎవరు ఎక్స్‌పెక్ట్ చేశారయ్యా అని పాఠకుడు అడుగుతాడు. అడగనివ్వండి. సర్వరుకు ముందే తెలుసేమో, నొసటి రాతేమో! మామూలు కాఫీ కప్పుకు ఇంత వేదాంతం ఇంకే దారిన అబ్బుతుంది?

పైగా ఇది డబ్బుతో కూడిన వ్యవహారం. జపనీయ అనువాదానికి చాలాచోట్ల మూలంలో ఉన్న అక్షరాలు లెక్కపెట్టి కూలి కడతారు. వాళ్ల లిపిలో యప్పరికి నాలుగు అక్షరాలు. నాలుగింటికీ సొమ్ము పుచ్చుకుని, ‘ఆ అర్థాన్ని వాక్యం నడకలో కలిపేశానండీ’ అంటే ఏ ఆడిటరు సంతకం పెడతాడు?

తొరియాయెజు మీద జరుగుతున్న దౌర్జన్యం ఇంకా ఘోరం. ఆఫీసు వదిలాక నలుగురు కలిసి ఇజకాయలో, అంటే అక్కడి మందూ తిండీ దొరికే హోటల్లో, కూర్చుంటే, ఇంకా మెనూ కూడా తిప్పకముందే ‘తొరియాయెజు, బీరు’ అనడం అక్కడి ఆనవాయితీ. నిఘంటువు ప్రకారం ఫర్ ద టైమ్ బీయింగ్. అంటే తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు, తాత్కాలిక ప్రాతిపదికన, బీరు. రెగ్యులర్ పోస్టు భర్తీ అయ్యేదాకా నడిచే కాంట్రాక్టు బీరు. దీన్ని పట్టుకుని ‘లెట్స్ స్టార్ట్ విత్ బీర్స్’ అని రాసేవాళ్లకు పరిపాలనా సౌందర్యం ఏం తెలుస్తుంది? అసలు ఆ ఇంగ్లీషులో క్రియావిశేషణం ఏదీ? ‘స్టార్ట్’ అనే క్రియ కడుపులో దాక్కుంది.

జెహి అని ఇంకొకటుంది. ‘మా ఇంటికి జెహి రండి’ అంటే తప్పకుండా రండని, నా కోరిక అని. దీనికి బై ఆల్ మీన్స్ పెడితే ఇంగ్లీషు చెవికి ఎలా వినబడుతుందంటే, వస్తానని బతిమాలిన వాడికి ‘సర్లే, రా’ అని అనుమతి ఇచ్చినట్టు. పిలిచినట్టూ ఉంటుంది, దర్పమూ తగ్గదు. ఇంతకంటే మంచి అనువాదం నేను చూడలేదు.

ఇక ఒమొవజు. అనుకోకుండా, ఆపుకోలేక అని దీని భావం. నిఘంటువులో ‘అన్‌కాన్షస్‌లీ’ కూడా ఉంది కాబట్టి, ఇంగ్లీషులోకి వచ్చిన జపనీయ పాత్రలు అన్‌కాన్షస్‌లీ నవ్వుతాయి, అన్‌కాన్షస్‌లీ లేచి నిలబడతాయి, అవతలివాళ్ల చెయ్యి పట్టుకునేది కూడా స్పృహ లేకుండానే. ‘కుడ్ నాట్ హెల్ప్ లాఫింగ్’ అని రాస్తే ఈ వైద్య విచిత్రమంతా పోయి, నవ్వు ఆపుకోలేని మామూలు మనిషి మిగులుతాడు. సబ్‌టైటిళ్లవాళ్లు దీనికి స్థలాభావం అనే సాకు కూడా చూపిస్తారు. నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లీషుకు వరుసకు 42 అక్షరాలే ఇస్తుంది, తెరమీద రెండు వరుసలు మించకూడదు. ‘అన్‌ఇంటెన్షనల్లీ’ ఒక్కటే ఇంగ్లీషులో 15 అక్షరాలు, వరుసలో మూడో వంతుకు పైగా అదే ఆక్రమిస్తుంది. అయితే ఏం? మిగతా మాటలు తగ్గించుకోవాలి. నవ్వినవాడు తెరమీద కనబడుతూనే ఉన్నాడు, కర్తతో పనేమిటి?

నవ్వుల సంగతి చెబుతానన్నాను. జపనీయంలో నవ్వడానికి వాడే క్రియ ప్రధానంగా ఒకటే, వరవు. ముందు గెరగెర చేరిస్తే పగలబడి నవ్వడం. కుసుకుసు అంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నికొనికొ అంటే ముఖమంతా విప్పార్చుకుని. నియనియ నవ్వు నవ్వేవాడి మనసులో ఏదో ఉంటుంది, నన్ను చూసి వాళ్లు నవ్వింది అదే. ఇంగ్లీషు కాపురం వేరు. అక్కడ తీరునంతా క్రియే మింగేసి కూర్చుంది: గఫా, గిగిల్, బీమ్, స్మర్క్. నడకా అంతే. ఈడ్చుకుంటూ తొబొతొబొ నడిచినవాడు ట్రడ్జ్ చేస్తాడు, తూలుతూ యొరొయొరొ నడిచినవాడు స్టాగర్ చేస్తాడు. అంచేత జపనీయ క్రియావిశేషణానికి సహజమైన ఇంగ్లీషు క్రియావిశేషణం ఏదని వెతక్కూడదట, క్రియను వెతకాలట. వినడానికి ఇంపుగా ఉంది, కాదనలేను. అసలే ఇంగ్లీషు రచన నేర్పే గురువులకు ఎల్‌వై తోకున్న మాట కనబడితే ఎర్ర కలం దురద పెడుతుంది. వాళ్లకు భయపడి మనం నియనియను వదులుకుంటామా? ‘హీ లాఫ్డ్ గ్రిన్నింగ్లీ’ అని తోకతో సహా నిలబెట్టాలి.

ఈ పోరాటంలోకి తెలుగువాళ్లను మాత్రం రానివ్వకూడదు. వీళ్లు వస్తే సమస్యే మిగలదు. మనకూ నవ్వు ఒకటే. పకపకా, కిలకిలా, ముసిముసిగా అని ముందు తగిలించుకుంటాం. జపనీయుడు ‘కుసుత్తొ’ నవ్వితే మనం కిసుక్కున నవ్వుతాం, ఇంత సిగ్గులేని పోలిక ఎక్కడైనా ఉందా? వాళ్లు చప్పుడు మాటకు చివర ‘తొ’ పెడతారు. ఎవరైనా అన్న మాటను చెప్పేటప్పుడు వాడే ‘అని’ లాంటి ముక్క అది. మనం ఢామ్మని పేలింది, దబ్బుమని పడింది అంటున్నప్పుడు పెడుతున్నదీ ఆ ‘అని’నే. వాళ్లకు నకనక రాని బస్సు (ఆకలి కాదు, ఆలస్యం) మనకు ఎంతకీ రాని బస్సు. ఆదివారం వస్తారా అంటే ‘ఆదివారం చొత్తొ...’ అని జపనీయుడు సగంలో ఆగిపోతాడు. ‘ఆదివారమంటే కొంచెం...’ అని మనవాడూ నసుగుతాడు. ఇద్దరూ రారు, పిలిచినవాళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు. అదే ‘సండే ఈజ్ ఎ లిటిల్’ అని ఇంగ్లీషులో రాస్తే, ఆదివారానికేమైందని పాఠకుడు రాత్రంతా ఆలోచిస్తాడు.

అదృష్టవశాత్తూ జపాన్ కథలు మన దగ్గరికి చాలావరకు ఇంగ్లీషు మీదుగానే వచ్చాయి. దారిలో కుసుకుసు గిగిల్ అయి, తెలుగులో దిగేసరికి ‘చిన్నగా నవ్వింది’గా మిగిలింది. ఒమొవజు కాస్తా ‘అచేతనంగా’ అయింది. ఈ ప్రయాణాన్ని ఎవరూ చెడగొట్టకుందురు గాక.

సహజత్వంవారు నా ముందు నోరెత్తలేని చోటొకటుంది. అది వాణిజ్యం. ‘మయెముకి ని కెంతొ షిమసు’ అని అమెరికా కంపెనీ ప్రతిపాదనకు జపాన్ కంపెనీ జవాబిస్తుంది. మయెముకి అంటే ముఖం ముందుకు పెట్టుకుని. అనుకూల దృష్టితో పరిశీలిస్తాం అని మాట, చూద్దాంలెండి అని చాలాసార్లు భావం. దౌత్యంలోనూ దీని చుట్టం ఒకటుంది. 1969లో జపాన్ ప్రధాని సాతో ఎయిసాకు వాషింగ్టన్ వెళ్లినప్పుడు, జపాన్ బట్టల ఎగుమతులు తగ్గించమని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పట్టుబడితే సాతో ‘జెన్‌షొ షిమసు’ అన్నారనీ, అది ‘ఐ విల్ డూ మై బెస్ట్’ అయిందనీ, తీరా ఏమీ జరక్కపోయేసరికి నిక్సన్ మండిపడ్డారనీ ఒక కథ చెబుతారు. సాతో నిజంగా ఆ మాటే అన్నారా అన్నదాని మీద వివాదం ఉంది, కథ మాత్రం అనువాదకుల మధ్య చలామణీలో ఉంది. జెన్‌షొ అంటే తగు విధంగా చూస్తామని. మన సచివాలయంలో ఒక్కసారి అర్జీ పెట్టుకున్నవాడికైనా ఆ ‘తగు’ బరువెంతో తెలుసు. శ్వేతసౌధంలో ఒక్క తెలుగు గుమాస్తా ఉండి ఉంటే ఆ రోజే ఫైలు మూసేసి ఇంటికెళ్లేవాడు.

కాబట్టి యువ అనువాదకులకు నా సలహా. మయెముకిని సహజంగా, ‘సారీ, కుదరదు’ అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషు చేశారనుకోండి, ఆ అమెరికా కంపెనీవాడు వేరే బేరం చూసుకుంటాడు, మీ పని ఆ ఒక్క ఉత్తరంతో సరి. నిఘంటువును నమ్మి ‘పాజిటివ్‌లీ’ అని రాయండి. వారానికొక రిమైండరు వస్తుంది, దాన్ని మీరే జపనీయంలోకి మార్చాలి. ప్రస్తుతం మయెముకిగా పరిశీలనలో ఉందని అటునుంచి జవాబు వస్తుంది, దాన్నీ మీరే ఇంగ్లీషు చెయ్యాలి.