నీళ్లు ఆదా చేసేది కౌలు రైతు, రాయితీ మాత్రం పట్టాదారుకు

మధ్యాహ్నం నుంచి నా కోపం చల్లారడం లేదు. టమాటా మడికి రాయితీ మీద డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీళ్లిచ్చే పైపులు) అడుగుదామని మా బావమరిదిని వెంటబెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్తే, దరఖాస్తును చేతిలోకైనా తీసుకోకుండా "పట్టాదారు పాస్‌పుస్తకం ఎవరి పేరు మీద ఉంది?" అని అడిగారు. గుత్తకు, అంటే కౌలుకు చేస్తున్నానని అతను చెప్పగానే, "అయితే భూమి గల ఆయన్ను రమ్మనండి" అని పంపించేశారు. ఆ ఆసామి బెంగళూరులో ఉంటాడు. సంతకం పెడితే రేపు పొలం చేజారుతుందేమోనని ఆయన భయం. ఆ భయం తీర్చే బాధ్యత ఏ అధికారీ తీసుకోడు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం సీమలో బోరు నీళ్ల విలువ ఎవరూ ఎవరికీ నేర్పనక్కరలేదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో డ్రిప్, స్ప్రింక్లర్లకు రాయితీ ఇచ్చే సూక్ష్మ సేద్య పథకం మొదలుపెట్టింది ఆ నీళ్లను కాపాడటానికే. కేంద్రం నిబంధనల ప్రకారం చిన్న, సన్నకారు రైతులకు 55 శాతం, మిగతావారికి 45 శాతం రాయితీ ఉంటే, మన ఆంధ్రప్రదేశ్ పైన తన సొమ్ము కలిపి చాలామంది చిన్న రైతులకు 90 శాతం ఇస్తోంది. ఇది మంచి పథకం. చీనీ (బత్తాయి) తోటలు నిలబడ్డాయంటే దీని చలవ చాలా ఉంది. అందుకే నా బాధ కూడా ఎక్కువ.

ప్రభుత్వం డబ్బిచ్చేది నీళ్లు ఆదా చేసినందుకే అయితే, ఆ ఆదా ఎవరి చేతుల మీదుగా జరుగుతోందో చూడాలి కదా. కరెంటు వచ్చే వేళకు లేచి మోటారు వేసి, సాలు వెంట వంగి నడుస్తూ ఉప్పు పేరుకుని మూసుకుపోయిన డ్రిప్పర్లను ఒక్కొక్కటే వేలితో తట్టి చూసి, ఉడుత కొరికిన చోట పైపు కోసి జాయినరు బిగించి, ఫిల్టరు జాలీ విప్పి కడిగి, పైపు చివరి మూత తీసి మురికి నీళ్లు వదిలేది పొలం చేసేవాడే. అతనికి డ్రిప్ ఇవ్వకపోతే కాలువల్లోనే నీళ్లు పారిస్తాడు, వేరే దారి లేదు. పక్క పొలంలో 90 శాతం రాయితీతో మిగిల్చిన నీళ్లు ఈ పొలంలో అలా ఖర్చవుతాయి, ఎందుకంటే భూమి లోపల గట్లు లేవు.

కౌలు రైతుకు కార్డు ఉందిగా అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతుల కోసం చేసిన 2011 చట్టం తెచ్చిన రుణ అర్హత కార్డుకు యజమాని సంతకం కోసం కాళ్లు పట్టుకోనక్కరలేకపోయింది. దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2019 చట్టం ఆ సంతకాన్ని తప్పనిసరి చేసి, కౌలు రైతుకిచ్చే పంట సాగుదారు కార్డుకు 11 నెలల గడువు పెట్టింది. డ్రిప్ విషయంలోనేమో, ఒకసారి రాయితీ తీసుకున్న భూమికి మళ్లీ ఏడేళ్ల దాకా ఇవ్వరు. 11 నెలల కార్డు పట్టుకున్నవాడు ఏడేళ్ల పరికరానికి ఎలా అర్హుడవుతాడు? ఈ రెండు నిబంధనలూ రాసినవాళ్లు ఒక్కసారైనా ఎదురెదురుగా కూర్చున్నారా?

డ్రిప్ ఒక్కటే అయితే ఇంత మండిపడేవాణ్ని కాదు. 2018లో తెలంగాణ రైతుబంధు మొదలుపెట్టి పెట్టుబడి సాయంగా పంట కాలానికి ఎకరాకు 4,000 రూపాయలు ఇచ్చినప్పుడు, విత్తనం కూడా వేయని పెద్ద ఆసాముల ఖాతాలకు డబ్బు వెళ్లింది, అదే భూమిని గుత్తకు దున్నినవాడికి పైసా అందలేదు. అప్పుడూ ఇదే పాస్‌పుస్తకం అడ్డు వచ్చింది. నష్టపోయిన పంటకు పరిహారం వచ్చినా మా ఊళ్లో ముందు అందుకునేది పొలం గట్టు తొక్కనివాళ్లే. అప్పు మాత్రం సాగు చేసినవాడి పేరు మీదే ఉంటుంది.

డ్రిప్ పైపులు చుట్టలుగా చుట్టి మరో పొలానికి తీసుకెళ్లవచ్చు, ఫిల్టరును విప్పి మళ్లీ బిగించవచ్చు, స్ప్రింక్లర్లనైతే రైతులు రోజూ భుజాన మోస్తూనే ఉన్నారు. సాగు చేస్తున్నాడని గ్రామసభలో నలుగురు చెప్తే, ఆ మనిషి పేరు మీదే పరికరం ఇవ్వండి, ఏడేళ్ల లెక్కను భూమికి కాకుండా అతనికి కట్టండి. దీనికి యజమాని సంతకం అక్కరలేదు, ఆయన భూమికి వచ్చే నష్టమూ లేదు.