స్టెప్నీలో గాలి, కాణిపాకంలో ప్రమాణం

దారిలో కారు ఆగిపోతే అక్కరకు వచ్చే సామాను ముందుగానే డిక్కీలో సర్దిపెట్టుకోవాలని హితబోధ చేసేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు గానీ, ఆ బోధలో దాగి ఉన్న దైవధిక్కారాన్ని ఎవరో ఒకరు ఎత్తిచూపక తప్పదు. మా ప్రాంతంలో కొత్త కారు కొన్నవాడు షోరూము నుంచి ఇంటికి వెళ్ళడు, కాణిపాకం వెళ్తాడు. (2022లో ఉమ్మడి చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతిని వేరే జిల్లా చేశారు గానీ, ఈ ఆచారం జోలికి మాత్రం ఏ ప్రభుత్వమూ పోలేదు.) అక్కడ కారు నుదుట బొట్టు పెట్టించి, మెడలో దండ వేయించి, కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాలతో నాలుగు నిమ్మకాయలు తొక్కించి, విఘ్నాలను తొలగించే స్వామికి బండి భారమంతా అప్పగించి వస్తాడు. ఇంత తంతు జరిగిన తరువాత కూడా డిక్కీలో జాకీ పెట్టుకుని తిరగడమంటే, పీటల మీద పెళ్ళి జరుగుతుండగానే విడాకుల లాయరును వెతుక్కోవడం వంటిది.

అందుచేత మా ప్రాంతంవారి కార్లలో జాకీ ఉండదా అని అడిగితే, ఉంటుంది. ఎక్కడ ఉంటుందో ఎవరికీ తెలియదు, అంతే. డిక్కీ తెరిస్తే మొదట కనిపించేది గుళ్ళకు వెళ్ళినప్పుడు వాడే చెప్పుల సంచి. దాని పక్కన మడత కుర్చీ, సగం పంచిన పెళ్ళిపత్రికలు, రబ్బరు మార్పించాలని ఆర్నెల్ల కిందట పెట్టిన కుక్కరు మూత, కొండ మీద చలిగా ఉంటుందేమోనని మోసుకెళ్ళి విప్పకుండానే వెనక్కి తెచ్చిన రెండు దుప్పట్లు ఉంటాయి. వీటన్నిటి కింద ఒక గోనెపట్టా, దాని కింద ఒక అట్ట, ఆ అట్ట కింద పాతాళంలో బలిచక్రవర్తిలాగా స్టెప్నీ ఉంటుంది. ఏడాదికొకసారి అలిపిరి తనిఖీ కేంద్రంలో సామానంతా దించమన్నప్పుడే డిక్కీ పూర్తిగా ఖాళీ అవుతుంది. ఆ రోజున కూడా ఆ అట్టను ఎత్తి చూసే ధైర్యం యజమాని చేయడు, వెనుక వరుసలో ఉన్నవారు హారన్ కొడుతుంటారు కాబట్టి.

స్టెప్నీ అనే మాట మన షెడ్లలోనే పుట్టిందని చాలామంది నమ్మకం. నిజానికి అది బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో లానెల్లి అనే ఊరి వీధి పేరు. కార్లు అదనపు చక్రం లేకుండానే అమ్ముడుపోయే ఆ రోజుల్లో, 1904లో, ఆ వీధికి చెందిన డేవీస్ సోదరులు విడి చక్రం తయారు చేసి అమ్మకానికి పెట్టారు. ఆ పేరు వారి దేశంలో దాదాపుగా మరుగున పడినా మన పంక్చరు అంగళ్ళలో ఇప్పటికీ క్షేమంగా ఉంది. 2020లో మన కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలను సవరించి, ట్యూబులేని టైర్లూ, వాటి గాలి తగ్గితే హెచ్చరించే పరికరమూ, పంక్చరు వేసుకునే కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని చెప్పింది. కారు 116 ఏళ్ళు ప్రదక్షిణ చేసి బయలుదేరిన చోటికే వచ్చిందన్నమాట. ఈ సవరణను దేశమంతా కొత్తగా విన్నా, మా ప్రాంతంవారు మాత్రం నవ్వుకున్నారు. గాలిలేని స్టెప్నీని ఏళ్ళ తరబడి మోస్తున్నవారికి, స్టెప్నీ లేకుండా బతకడం ఎలాగో ఎవరూ నేర్పనక్కరలేదు.

ఈ విషయంలో నాదొక సూచన ఉంది. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటివాడైనా జంకుతాడు. అప్పు ఎగవేసినవాడు, గట్టు జరిపినవాడు కూడా అక్కడికి వచ్చేసరికి గొంతు తడారి నిజం కక్కేస్తారని ప్రతీతి. కాబట్టి రవాణా శాఖవారు వేరే తనిఖీలేవీ పెట్టుకోకుండా, ప్రతి కారు యజమానినీ కోనేట్లో స్నానం చేయించి, తడి బట్టలతో నిలబెట్టి, 'నా స్టెప్నీలో గాలి ఉంది' అని ఒక్క ప్రమాణం చేయిస్తే చాలు. సగం మంది వాయిదా కోరతారు. మిగిలిన సగంలో చాలామంది 'కొన్ననాడు ఉండింది స్వామీ' అని సవరణ ప్రతిపాదిస్తారు. స్టెప్నీలో ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్కన అతికించిన కాగితం మీదే ఉంటుంది. నెలకొకసారి మిగిలిన నాలుగింటితోపాటు దానికీ గాలి చూపించమంటే రెండు నిమిషాల పని. ఇక వయసు మాటకొస్తే, ప్రతి టైరుకూ పక్కగోడ మీద నాలుగంకెల జన్మపత్రిక అచ్చు వేసి ఉంటుంది: 2318 అని ఉంటే 2018వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని అర్థం. పిల్ల జాతకం ముగ్గురు సిద్ధాంతులకు చూపించే తండ్రి, తన పిల్లలందరూ ఎక్కి తిరిగే టైరు జాతకం ఒక్కసారైనా చదివిన దాఖలా లేదు. రోడ్డు మొహం చూడకుండా డిక్కీలోనే ముసలిదైపోయిన రబ్బరు కూడా పగుళ్ళిస్తుందని వారికి తెలియదు; వాడని వస్తువు ఎప్పటికీ కొత్తదేనన్నది మన ఇళ్ళలో పెళ్ళినాటి స్టీలు సామాను నేర్పిన పాఠం.

ఇంత నిబ్బరంగా రాస్తున్నానంటే నా స్టెప్నీ గాలితో నిండి ఉందని పాఠకులు పొరబడరాదు. ఒక జూన్ నెలలో చిత్తూరులో చుట్టాలింటికి వెళ్ళి, వారు ప్రేమగా ఇచ్చిన నాలుగు పెట్టెల బేనీషా మామిడిపండ్లతో, మా బావమరిదితో, అత్తగారితో కలిసి తిరుపతికి తిరిగి వస్తుండగా, పూతలపట్టు దాటిన తరువాత వెనుక చక్రం పంక్చరైంది. బలిచక్రవర్తిని పైకి తేవాలంటే ముందు సామాను దించాలి కదా. పెట్టెలు రోడ్డు పక్కన వరుసగా పెట్టి, మడత కుర్చీ తెరిచి మా అత్తగారిని కూర్చోబెట్టాం. పది నిమిషాలలో రెండు మోటారు సైకిళ్ళు ఆగి, బేనీషా కిలో ఎంతని అడిగాయి. రెండోవారితో మా అత్తగారు బేరం దాకా వెళ్ళారు.

ఈలోగా నేను బీమాతోపాటు వచ్చిన సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. ఒకటి నొక్కి, రెండు నొక్కి, సంగీతం విని, చివరికి దొరికిన అమ్మాయి ఎంతో మర్యాదగా, మీ దగ్గరలో గుర్తు పట్టగలిగే స్థలం ఏదైనా ఉందా అండి అని అడిగింది. మామిడి తోట ఉందన్నాను. ఏ మామిడి తోట అంది. చిత్తూరు చుట్టుపక్కల రోడ్డు మీద నిలబడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడిని నేనింతవరకు చూడలేదు. జాతీయ రహదారి మీద నిలబడినవాడు 1033కి ఫోన్ చేసి, రోడ్డు పక్కనే ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె చదివి చెప్తే సరిపోతుందని తరువాత తెలిసింది. ఆ రాయి మా పక్కనే ఉండింది. దాని మీద బావమరిది చొక్కా ఆరేసి ఉండింది.

స్టెప్నీ బయటికి వచ్చింది. బొటనవేలితో నొక్కితే పూరీలాగా లోపలికి పోయింది. జాకీ కూడా దొరికింది గానీ దాన్ని తిప్పే కొక్కెం కడ్డీ లేదు. ఆ కడ్డీని మా పక్కింటి పెద్దాయన అంతకు ముందు సంక్రాంతికి అడిగి తీసుకున్నారు. దాని కొన వంపు తిరిగి ఉంటుంది కాబట్టి వెదురు బొంగుకు కట్టి మునక్కాయలు కోసే దోటిగా వాడుతున్నారు. పనికొచ్చే వస్తువును ఊరికే డిక్కీలో పడవేయడం కన్నా అది న్యాయమేనని ఆనాడు నాకూ తోచింది.

అప్పుడు గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తీసుకుపోతున్న లారీ ఒకటి మా ముందు ఆగింది. డ్రైవరు దిగి, పెట్టెలనూ కుర్చీనీ అత్తగారినీ ఒకసారి పరికించి, "ఏం సామీ, అంగడి పెట్టినారా, బండి నిలిచిపోయిందా?" అని అడిగాడు. నేను ఫోన్ చేస్తున్నానని చెప్పేలోపే వేపకొమ్మ ఒకటి విరిచి కారుకు వెనుక యాభై అడుగులు నడిచి రోడ్డు అంచున పరిచాడు. ఒక రాయి తెచ్చి ముందు చక్రానికి అడ్డంగా పెట్టాడు. "స్టెప్నీకి గాలి పట్టిచ్చి ఎన్నాళ్ళయింది సామీ?" అన్నాడు. పూజ అయిన రోజున పట్టించామని బావమరిది చెప్పాడు. ఆయన పైకి చూసి నమస్కారం పెట్టుకుని, తన లారీ బ్రేకుల గాలి ట్యాంకుకు గొట్టం తగిలించి మా స్టెప్నీని నింపాడు. క్లీనరు ఒక స్పానరు ఇస్తే దానితోనే జాకీ తిప్పాం. బావమరిది ఉత్సాహంతో చక్రం పైకి లేపి నట్లు విప్పబోతే, నట్టుతోపాటు చక్రం కూడా గిర్రున తిరిగింది. "ముందు దించబ్బా, నేల మీద ఉన్నప్పుడే నట్లు వదులు చేసుకోవల్ల" అని డ్రైవరు చెప్పాక మళ్ళీ దించాం. పని అయిన తరువాత డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పోనీ మామిడిపండ్లన్నా తీసుకోమంటే, తన లారీ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు.

ఆ వేపకొమ్మ గురించి ఒక మాట చెప్పాలి. కొత్త కారుతోపాటే వెలుగు పడితే మెరిసే ఎర్ర త్రికోణం ఒకటి ఇస్తారు. బండి ఆగిన చోటికి కనీసం యాభై మీటర్ల వెనుక దాన్ని నిలబెడితే వచ్చేవారు చీకట్లో కూడా దూరం నుంచే చూసి పక్కకు జరుగుతారు. మావద్ద దాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీయడం అశుభం. కొమ్మ పగలు పచ్చగా కనిపిస్తుంది, రాత్రి కనిపించదు. అయినా కొమ్మకున్న గౌరవం త్రికోణానికి రాలేదు. రాళ్ళ సంగతి నిజంగా కోపం తెప్పించేది. బండి బాగుపడగానే మనుషులు ఎక్కి వెళ్ళిపోతారు, రాయి మాత్రం రోడ్డు మీదే ఉండిపోతుంది. ఒకడి విఘ్నం తొలగిందనడానికి గుర్తుగా మిగిలిన ఆ రాయే తరువాత వచ్చేవాడికి విఘ్నమవుతుంది. ఈ వ్యాసంలో నేను వ్యంగ్యం లేకుండా చెప్పే మాట ఇదొక్కటే: ఆ రాయి తీసి పక్కన పెట్టి పొండి.

తిరుమల ఘాట్ రోడ్డు మీద పరిస్థితి వేరు. 1944లో మొదటి రోడ్డు తెరవకముందు కొండెక్కేవారిలో దారిలో నిలిచిపోయేవి కార్లు కావు, మోకాళ్ళు; నడకదారిలో నిటారుగా ఉన్న చోటుకు మోకాళ్ళ పర్వతమనే పేరు ఊరికే రాలేదు. ఇప్పుడు 1974లో వచ్చిన రెండో రోడ్డులో ఎక్కి, ఆ పాత రోడ్డులో దిగుతాం. ఎక్కేటప్పుడు ఏసీ నిండుగా పెట్టి, ఏడుగురిని కూర్చోబెట్టి, మే నెల ఎండలో మొదటి గేరులో సాగే కారు మీటరులో ముల్లు ఎర్రగీత చేరితే, కారులో ఉండే నీరు పోయినసారి తెచ్చుకున్న పాపవినాశనం తీర్థం సీసా ఒక్కటే. తీర్థాన్ని ఇంజనుకు పోయడమా మానడమా అని కుటుంబమంతా రోడ్డు పక్కన సభ తీరుస్తుంది. వేడిగా ఉండగా రేడియేటరు మూత తెరిస్తే మరిగే నీరు మొహాన చిమ్ముతుంది కాబట్టి, సభ అరగంట పైగా సాగడమే క్షేమం. ఆ తరువాత మామూలు నీరైనా, కూలెంటైనా పోసుకోవచ్చు, ఉంటే. దిగేటప్పుడు పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలే మహానుభావులకు మాత్రం ఒక దుర్వార్త: ఈ కాలపు ఇంజన్లు గేరులో ఉండి వాలు దిగుతున్నప్పుడు పెట్రోలు సరఫరాను తామే ఆపేస్తాయి, న్యూట్రల్‌లో అయితేనే కాస్త తాగుతాయి. ఆదా అయ్యేది ఏమీ లేదు, కాలేది బ్రేకులు.

బ్యాటరీ దిగిపోయినప్పుడు వాడే జంపర్ వైర్ల మీద మా బావమరిదికి అపారమైన నమ్మకం ఉంది, అవి కారులో లేకపోయినా. వాటికి కూడా పెళ్ళి తంతు లాంటి వరస ఉంది: ఎర్ర వైరు ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్సుకు, రెండో కొన బతికున్నదాని ప్లస్సుకు, నల్లది బతికున్నదాని మైనస్సుకు, చివరి కొన మాత్రం చచ్చిన కారు ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆ చివరి ముడి పడేటప్పుడు నిప్పురవ్వ లేస్తుంది, బ్యాటరీ నుంచి వచ్చే వాయువు అంటుకునే రకం. ఈ వరస పాటించనివారికి పురోహితుడు అక్కరలేదు, అగ్నిహోత్రం దానంతటదే వెలుగుతుంది.

పూతలపట్టు అనుభవం తరువాత నేను పశ్చాత్తాపపడి సామాను అంతా కొన్నాను. టార్చిలైటు కరెంటు పోయినప్పుడు అక్కరకొస్తుందని వంటింట్లో చేరింది. బండిని లాగే తాడు మేడ మీద బట్టలు ఆరేయడానికి కట్టారు. ఎర్ర త్రికోణం కవరు విప్పుకుని మా గేటు ముందు ఎవరూ బండి ఆపకుండా కాపలా కాస్తున్నది. గాలి పంపుతో మా వీధి పిల్లలు వినాయక చవితి పందిరికి బుడగలు ఊదారు. స్టెప్నీకి గాలి పట్టించాలని ప్రతి ఆదివారం అనుకుంటున్నాను. నిన్న సాయంత్రం పక్కింటి పెద్దాయన కిటికీలోంచి పిలిచి, కాపు బాగా వచ్చిందని పదిహేను మునక్కాయలు ఇచ్చారు. కడ్డీ సంగతి అడుగుదామని నోటి దాకా వచ్చింది గానీ, సాంబారుకు ఇంట్లో మునక్కాయలు లేవని మధ్యాహ్నమే మా ఆవిడ అన్న మాట గుర్తుకు వచ్చింది.