విశేషమేటని అడక్కండి, ఫ్రిజ్‌లో జాగా ఇవ్వండి

"ఏటమ్మా, ఇంకా ఏటీ విశేషం లేదా?" మా శ్రీకాకుళం వైపు పెళ్ళయిన రెండో సంక్రాంతికే మొదలయ్యే ప్రశ్న ఇది. ఐవీఎఫ్‌కి (అండాలు బయటికి తీసి, ల్యాబులో వీర్యంతో కలిపి, వచ్చిన పిండాన్ని గర్భసంచిలో పెట్టే వైద్యానికి) వెళ్తున్నారని తెలిస్తే ప్రశ్న పోయి ధైర్యం మొదలవుతుంది. "అరసవల్లి సామికి మొక్కుకో, అంతా అయిపోద్ది." మొక్కుకోండి, తప్పేం లేదు. కానీ ఈ వైద్యం నడిచేది ఫ్రిజ్ మీద, గడియారం మీద. ఆ రెండింట్లో ఒక్కదాన్నీ నెత్తికెత్తుకోకుండా ఊరికే చెప్పే ధైర్యం ఆ పిల్లకి ఇంకో బరువు.

ఫ్రిజ్ సంగతి ముందు. అండాలు పెరగడానికి నెలసరి రెండో రోజో మూడో రోజో మొదలుపెట్టి, పది రోజులు అటూ ఇటూగా రోజూ సూదులుంటాయి. ఆ మందుల్లో చాలావాటిని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అతిజాగ్రత్తకి పోయి డీప్ ఫ్రిజ్‌లో పెట్టేస్తారు కొందరు. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు, డబ్బులు గంగపాలే. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఐస్ పెట్టెకి ఆనుకున్న అర కూడా వద్దు. మధ్య అరలో, మూత డబ్బాలో, పిల్లలు ఐస్‌క్రీమ్ కోసం కెలకని మూల పెట్టండి. వైజాగ్ నుంచి బస్సులో తెస్తుంటే జెల్ ప్యాక్‌కి గుడ్డ చుట్టి ఆ పక్కన పెట్టాలి. ప్యాక్‌ని నేరుగా ఆనించారో, దారిలోనే గడ్డకట్టొచ్చు. ఇక కరెంటు. 2018లో తిత్లీ తుఫాను వచ్చాక ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు ఎవరిది, మందుల షాపులో ఫ్రిజ్ ఉందా అన్నది గాలివాన రాకముందే చూసిపెట్టడం చుట్టాలు చేయగల పని. దానికి డాక్టరక్కర్లేదు.

సూది వేయడానికి ఊళ్ళో ఆరెంపీ ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు. కానీ కొన్ని సూదులు పొట్ట చర్మం కింద వేసేవి, కొన్ని తుంటి కండలోకి. ఏది ఎక్కడో కాగితం మీద రాయించుకుని ఆయన ముందు పెట్టండి. పొట్ట మీదైతే బొడ్డుకి రెండు వేళ్ళ దూరంలో చర్మాన్ని చిటికెడు పట్టుకుని వేయాలి, రోజూ చోటు మార్చాలి. తర్వాత, గర్భసంచిని పిండానికి సిద్ధం చేయడానికి వచ్చే ప్రొజెస్టిరాన్ హార్మోను నూనె ఇంజక్షన్ చిక్కగా ఉంటుంది. సీసాని అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెడితే సులువుగా దిగుతుంది. ఈరోజు కుడి తుంటికైతే రేపు ఎడమకి. గడ్డ కట్టినచోట కాపడం పెట్టే మనిషి కావాలి, సలహా చెప్పే మనిషి కాదు.

అన్నిటికన్నా గట్టిది ట్రిగ్గర్ సూది, అంటే అండాలు చివరిగా పక్వానికి రావడానికి వేసేది. అండాలు తీయడానికి 34 నుంచి 36 గంటల ముందు, డాక్టరు చెప్పిన నిమిషానికి పడాలి. గురువారం పొద్దున్న 9కి తీస్తామన్నారంటే మంగళవారం రాత్రి 9కి సూది అన్నమాట. ముందే పడితే తీసేలోపే అండాలు విడుదలైపోవచ్చు. ఆలస్యమైతే పూర్తిగా పక్వానికి రావు. పది రోజుల సూదులూ, అప్పు చేసిన డబ్బూ ఆ ఒక్క గంట మీద ఉంటాయి. మంగళవారం అన్నాను కదా, పైడితల్లమ్మ సిరిమాను జాతర కూడా మంగళవారమే. ఆ రోజు విజయనగరంలో మూడు లాంతర్ల వైపు నుంచి ఆ జనంలో మందు తెస్తాననుకునే బావగారికి ఓ నమస్కారం! ముందురోజే తెచ్చిపెట్టండి. రెండు ఫోన్లలో అలారం పెట్టండి. పొరపాటున టైము తప్పితే సొంత లెక్కలొద్దు, దాచడాలొద్దు. సూది సరిగ్గా ఎన్నింటికి పడిందో ఆ రాత్రే ఆసుపత్రికి చెప్పేస్తే, తీసే సమయాన్ని జరపగలరేమో వాళ్ళు చూస్తారు.

అండాలు తీసేది మత్తిచ్చే, కాబట్టి ఆమెని ఒంటరిగా బస్సెక్కించి పంపకండి. తర్వాతి రోజుల్లో పొట్ట ఉబ్బడం కొంత మామూలే. కానీ బరువు రోజుకి కిలో పైన పెరుగుతూ, ఒంటేలు తగ్గి, ఆయాసం వస్తుంటే అది గేస్ కాదు. వాము నీళ్ళిచ్చి తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. పీసీఓడీ (అండాశయాల్లో నీటిబుడగల సమస్య) ఉన్నవాళ్ళలో, అండాలు ఎక్కువ వచ్చినవాళ్ళలో ఈ ముప్పు ఎక్కువ.

పిండాన్ని గర్భసంచిలో పెట్టాక అత్తగారు చేసే పని, మంచం దిగనివ్వకపోవడం. పిండం జారిపడేది కాదమ్మా! గర్భసంచి గోడలు ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, లోపల నూక గింజ కన్నా చిన్నదది. రోజుల తరబడి పడుకోబెడితే లాభం ఉన్నట్టు ఏ పరిశోధనా తేల్చలేదు. కాస్త ఎరుపు కనబడగానే "అయిపోయిందిలే" అని మందులు ఆపేయడం మాత్రం నిజంగా చేటు. రక్తపరీక్ష అయ్యి డాక్టరు ఆపమనేదాకా ఆపకూడదు. షాపులో కిట్టు తెచ్చి ముందే చూడమని తొందరపెట్టకండి. ట్రిగ్గర్‌లో ఇచ్చేది హెచ్‌సీజీ (కిట్టు వెతికే గర్భం హార్మోను) అయితే అది పది రోజుల పైన ఒంట్లో ఉండి, లేని గర్భాన్ని ఉన్నట్టు చూపించగలదు.

ఇంతా చేసి మగాడి పరీక్ష చివరికి పెడతారు. మా వాడికేటి లోటు అంట! పిల్లని వైజాగ్ తిప్పి ట్యూబుల పరీక్ష దాకా చేయిస్తారు గానీ, రెండు నుంచి ఏడు రోజులు ఆగి ఓ డబ్బాలో నమూనా ఇవ్వడానికి కొడుక్కి మొహమాటం. ఇంటి దగ్గర తీస్తే గంటలోపు ల్యాబుకి చేరాలి. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి మొన్నటి టైఫాయిడ్ జ్వరం ప్రభావం ఇప్పటి రిపోర్టులో కనబడొచ్చు. కండల కోసం జిమ్‌లో టెస్టోస్టిరాన్ (మగ హార్మోను) సూదులు పొడిపించుకుంటున్న కుర్రాడికైతే అసలు కణాలే లేకుండా పోవచ్చు. ఇది తెలియక భార్యకి ఆకు మందు పోయించిన ఇళ్ళున్నాయి.

ఈ మధ్యలో చెల్లి సీమంతమో, ఇంకొకరి బారసాలో వస్తుంది. బాధపడుతుందేమోనని పిలవడం మానేస్తారు, లేదా పిలిచి బొట్టు పెట్టే దగ్గర పక్కకి జరుపుతారు. రెండోది నీచం. పిలవండి, "రాకపోయినా ఏమీ అనుకోను అప్పా" అని ఆ పిలుపులోనే చెప్పేయండి.

రక్తపరీక్ష రోజు, పిండం పెట్టిన పది పద్నాలుగు రోజులకి వస్తుంది. ఆసుపత్రి ఫోను ఎవరు ఎత్తాలో, ఎవరికి ఎవరు చెప్పాలో ముందే ఆమెనే అడిగి పెట్టుకోండి. మిగతావాళ్ళు ఆ పూట ఫోను చేయకూడదు. సాయంత్రం టిఫిన్ క్యారేజీలో పప్పన్నం, చారు పెట్టి గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చేయండి. క్యారేజీ మళ్ళీ వారం తెచ్చుకోవచ్చు.