తక్కువ వేడికి కరిగే లోహమే మంచిదని ఎవరు చెప్పారు?

ఇంట్లో చిన్న లోహపు బొమ్మలు పోత పోయాలనుకునే కొత్తవాళ్లకి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "తక్కువ వేడికి కరిగేది కొనుక్కో, పని సులువు." ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. నేనూ అదే నమ్మి మొదటి కొన్ని నెలలు వృథా చేసుకున్నాను.

నేను మొదట కొన్నది బిస్మత్, తగరం కలిసిన మిశ్రమం. 58 పాళ్లు బిస్మత్, 42 పాళ్లు తగరం. 138 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. మామూలుగా లోహాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. బిస్మత్ మాత్రం నీళ్లు మంచుగడ్డ అయినట్టు ఉబ్బుతుంది. అందుకే ఈ మిశ్రమం అచ్చులో మూలమూలకీ ఒదుగుతుంది. 28 మిల్లీమీటర్ల సైనికుడికి కనుబొమలు కూడా దిగాయి! ఆ ఆనందం అచ్చు విప్పేదాకే. బయటికి తీస్తుంటే ఈటె పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. బిస్మత్ పెళుసు. కోటగోడకో, లావుపాటి రాతి దిమ్మెకో సరిపోతుంది కానీ ఈటెలు, కత్తులు, సన్నటి చీలమండలు అందులో నిలవవు. పోనీ అతుకుదామంటే, మామూలు సీసం-తగరం టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. టంకం కరిగేలోపే బొమ్మ కరిగిపోతుంది.

అందుకే నేను చెప్పేది: ముందు బొమ్మలో అన్నిటికంటే సన్నటి భాగం ఏదో చూడండి, దాన్ని బట్టి లోహం ఎంచుకోండి. ఇంకా తక్కువ వేడి కావాలని 70 డిగ్రీలకే కరిగే వుడ్స్ మెటల్ వైపు వెళ్లేవాళ్లున్నారు. దయచేసి వద్దు. అందులో సీసంతో పాటు కాడ్మియం అనే విషపు లోహం కూడా ఉంటుంది.

ఇక సీసం. "అది కరిగేది 327 డిగ్రీలకి, ఆ వేడిలో పెద్దగా ఆవిరి రాదు, టెన్షన్ పడకు" అంటారు. ఆవిరి వరకు ఆ మాట నిజమే. మరి కరిగిన లోహం మీద కట్టే తెట్టె తీసేటప్పుడు రేగే పొడి? ఆకురాయితో అంచులు అరగదీస్తే రాలేది? అది చేతులకి, బట్టలకి, నేలకి అంటుకుని చివరికి నోట్లోకి చేరుతుంది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నేల మీద పాకే పిల్లలున్న ఇంట్లో సీసం కరిగించమని సలహా ఇవ్వడం నేను క్షమించలేను. పైగా సీసం మెత్తన, ఈటె చేయి తగిలితే వంగుతుంది. కొన్ని రకాల చెక్క అల్మారాల్లో పెడితే ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి ఏళ్లు గడిచేకొద్దీ తెల్లటి పొడిగా రాలిపోతుంది కూడా.

నా ఓటు తగరానికే. శుద్ధ తగరం 232 డిగ్రీలకి కరుగుతుంది. వేడి తట్టుకునే సిలికాన్ రబ్బరు అచ్చుకి అది ఇబ్బంది కాదు. కొంచెం యాంటిమొనీ, ఇంకొంచెం రాగి కలిస్తే గట్టిపడుతుంది. సుమారు 92 పాళ్లు తగరం, 6 యాంటిమొనీ, 2 రాగి ఉండే బ్రిటానియా మెటల్ అలాంటిదే. ఈటె కాస్త వంగినా మెల్లగా సరిచేసుకోవచ్చు. అయితే యాంటిమొనీని ఇంట్లో మీరే కలపకండి, దాని పొడి కూడా విషమే. కలిపి పోసిన కడ్డీలే కొనండి. తగరం ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ చెడిపోయిన బొమ్మని మళ్లీ కరిగించి పోసుకోవచ్చు కదా!

బొమ్మకి చేయి సగమే వచ్చిందని వెంటనే లోహం మార్చేయకండి. చాలాసార్లు తప్పు అచ్చుది. గాలి బయటికి పోయే సన్నటి కాలువలు కోసి, అచ్చు లోపల టాల్కం పౌడర్ పల్చగా అద్ది చూడండి. అచ్చులో, కడ్డీ మీద తడి మాత్రం చుక్క కూడా ఉండకూడదు. కరిగిన లోహం ముఖం మీదికి చిమ్ముతుంది.

ఒకసారి పేరు రాసి లేని కడ్డీలు కొని, నా పాత బిస్మత్ ముక్కలతో కలిపి కరిగించాను. వాటిలో సీసం ఉందని తర్వాత అర్థమైంది. బిస్మత్, సీసం, తగరం మూడూ కలిస్తే దాదాపు 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం పుడుతుంది, అంటే మరిగే నీళ్లు చాలు. ఆ లోహమంతా పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ లోహం మిగిలినా, అది చల్లారగానే మేకుతో దాని మీద పేరు గీకి, దాని డబ్బాలోనే వేస్తాను.