ఘటోత్కచుడిని ఏ అరలో పెడదాం?

చెన్నై వడపళనిలో మా అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ గది పక్కన ఒక చిన్న గది ఖాళీ అయింది. దానిని పిల్లల లైబ్రరీ చేద్దామన్నారు అందరూ. ఉన్నది ఒక బీరువా, పదివేల రూపాయలు. నందనంలో జరిగే పుస్తక ప్రదర్శనకు జాబితా పట్టుకుని వెళ్ళాలి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు పురాణాల మీద అల్లిన సాహస నవలలు కొనాలా వద్దా అన్న దగ్గర బండి ఆగిపోయింది. వద్దనే పక్షం తెలుగు మాస్టారుగా రిటైరైన మామయ్యది. కొనాలనే పక్షం ఆయన మేనకోడలిది. ఆదివారం సాయంత్రం ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, రాసుకునే పని నాకు అప్పగించారు.

మేనకోడలు ముందే రెండు పుస్తకాలు బల్ల మీద పెట్టింది. ఒకటి 2005లో వచ్చిన రిక్ రియోర్డాన్ 'ద లైట్నింగ్ థీఫ్'. తాను గ్రీకు దేవుడి కొడుకునని తెలుసుకునే పన్నెండేళ్ళ పర్సీ కథ. రెండోది 2018లో రోషనీ చోక్షీ రాసిన 'అరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్'. అట్లాంటాలో మ్యూజియంలో ఉండే అరూ వెలిగించకూడని దీపం వెలిగిస్తుంది. ఆ అమ్మాయిలో ఉన్నది పాండవుల్లో ఒకరి ఆత్మ.

మామయ్య: సాహస కథలంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికల కోసం గుమ్మంలో కాపు కాసినవాణ్ణి. కానీ ఆయన మాంత్రికులూ రాక్షసులూ ఆయన సొంత సృష్టి. అర్జునుడిని అరువు తెచ్చుకోలేదు.

మేనకోడలు: ఆ చందమామను 1947లో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే పదేళ్ళ తర్వాత ఇదే వడపళనిలో మాయాబజార్ తీశారు మామయ్యా. శశిరేఖ వ్యాసుడి భారతంలో ఏ పర్వంలో ఉంది?

మామయ్య: ఏ పర్వంలోనూ లేదు. అక్కడ అభిమన్యుడికి ఉత్తరతోనే పెళ్ళి.

(ఇంత త్వరగా ఒప్పుకుంటే అరగంటలో తేలిపోతుందనుకున్నాను. మామయ్య సంగతి తెలిసి కూడా.)

మామయ్య: కానీ ఆ సినిమాకు వెళ్ళిన జనానికి భారతం ముందే తెలుసు. హరికథలో విన్నారు, తోలుబొమ్మలాటలో చూశారు. కథ తెలిసినవాడికి కల్పన నంజుకునే ఆవకాయ. తెలియని పిల్లవాడికి అదే అన్నమైపోతుంది.

మేనకోడలు: తెలియడానికి వీళ్ళకు దారి ఏది? తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చింది. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట్లాడతారే గాని అక్షరాలు రావు. మీరేమో కవిత్రయం అంటారు. మా చిన్నదానికి బండి ఱ చూపిస్తే, ఇది తమిళ అక్షరమా అమ్మా అని అడిగింది.

మామయ్య: అందుకని పాండవులను అట్లాంటా నుంచి దిగుమతి చేసుకోవాలా? పర్సీ సంగతి వేరు. ఆయుధం పోగొట్టుకుని చిందులు తొక్కే గ్రీకు దేవరాజు జ్యూస్‌ను చూసి నవ్వుకోవచ్చు. చదివే పిల్లల ఇళ్ళలో జ్యూస్‌కు పూజగది లేదు. పొద్దున మనం హారతి ఇచ్చిన దేవుడు సాయంత్రం పుస్తకంలో చెణుకులు విసురుతుంటే ఎట్లా?

మేనకోడలు: భద్రాచల రామదాసు చెరసాలలో కూర్చుని రాముడికి నగల ఖర్చు లెక్క చెప్పి మరీ తిట్టాడు. మీరే గొంతెత్తి పాడతారు. పూజగది ఉన్నవాళ్ళకే ఆ చనువు. ఇక పర్సీ కథ ఎట్లా పుట్టిందో వినండి. రియోర్డాన్ రాత్రిపూట కొడుక్కి గ్రీకు కథలు చెప్పేవాడు. తెలిసిన కథలన్నీ అయిపోయాయి, పిల్లవాడు ఇంకా కావాలన్నాడు. అప్పుడు కల్పించాడు. ఆ పిల్లవాడికి డిస్లెక్సియా, చదవడం కష్టం. అందుకే పర్సీకి కూడా అక్షరాలు పేజీ మీద ఈదుతాయి. మూడో అంతస్తులో ఒక అబ్బాయి ఉన్నాడు, మీకూ తెలుసు. పుస్తకం ఇస్తే బల్ల కిందికి దూరేవాడు. ఈ పుస్తకం మొదటి నలభై పేజీలు నేను చదివి వినిపించాను. తర్వాత నా చేతిలోంచి లాక్కున్నాడు.

(మామయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బడిలో ఆ అబ్బాయి లాంటి వాళ్ళు ఆయనకూ తగిలే ఉంటారు.)

మామయ్య: ఆ అబ్బాయికి పర్సీ కొనండి. కాదనను. నా అభ్యంతరం ఇంకొకటి. పర్సీ కత్తితో పొడిస్తే రాక్షసి పొడి అయి రాలిపోతుంది. శవం లేదు, ఏడ్చే తల్లి లేదు. మళ్ళీ ఎప్పుడో తిరిగి వస్తుంది కూడా. భారతంలో చచ్చినవాడు చచ్చినట్టే. వాడి కోసం ఏడ్చేవాళ్ళకు స్త్రీపర్వమని ఒక పర్వమే ఉంది. అది తీసేస్తే మిగిలేది కత్తులూ రథాలూ.

మేనకోడలు: సరే, తీయకుండానే చెబుదాం. పద్నాలుగో నాటి రాత్రి యుద్ధంలో కర్ణుడు ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధం విసిరి ఘటోత్కచుడిని చంపాడు. పాండవులందరూ ఏడుస్తుంటే కృష్ణుడు ఏం చేశాడు?

మామయ్య: అర్జునుడిని కౌగిలించుకుని నాట్యం చేశాడు. ఆ శక్తి అర్జునుడి కోసం దాచిపెట్టింది కదా. ఖర్చయిపోయింది.

మేనకోడలు: ఇది తొమ్మిదేళ్ళ పిల్లకు రాత్రి పడుకునే ముందు చెబుతారా?

మామయ్య: చెప్పాను. మీ పెద్దదానికి. పోయిన వేసవిలో.

మేనకోడలు: అది మీ పనేనా! రెండు రోజులు కృష్ణుడితో మాట్లాడనంది. పూజ దగ్గర కూర్చోలేదు.

మామయ్య: చూశావా, అంత బరువైన అలక నీ అట్లాంటా పుస్తకం తెప్పించగలదా?

మేనకోడలు: మామయ్యా, దానికి ఘటోత్కచుడంటే అంత ప్రాణం ఎందుకో అడిగారా? నాలుగేళ్ళ నుంచీ మాయాబజార్ చూస్తోంది. లడ్డూలు గాలిలో ఎగిరి నోట్లో పడుతుంటే కేరింతలు కొట్టేది. భారతంలో లేని ఆ విందే దానికి వాణ్ణి చుట్టాన్ని చేసింది. మీరు చెప్పిన చావు చుట్టం చావైంది. ముక్కూమొహం తెలియని రాక్షసుడైతే 'ఓహో' అని నిద్రపోయేది.

(ఇక్కడ చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకైతే మేనకోడలే గెలిచిందనిపించింది. మామయ్యకు అనిపించలేదు.)

మామయ్య: కొనండి. ఒక షరతు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో నేను చీటీ అంటిస్తాను. ఇందులో భారతంలో ఉన్నది ఇది, రచయిత కల్పించింది ఇది అని. లేకపోతే ఊర్వశి ఎవరు, శక్తి ఎవరిచ్చారు అన్నీ కలగాపులగం అవుతాయి.

మేనకోడలు: చివరి పేజీలో అంటించండి. అరూ షా వెనక పదాలకు అర్థాలు ఎలాగూ ఇచ్చారు, మీ చీటీ ఆ పక్కన ఉంటుంది. చదివిన పిల్లకే అనుమానం వస్తుంది. చదవకముందే పరీక్ష పేపరు పెడితే ఎవరు తెరుస్తారు?

మామయ్య: చివరి పేజీ ఎవరూ చూడరు.

మేనకోడలు: మాయాబజార్ మొదలవగానే 'శశిరేఖ భారతంలో లేదు' అని తెర మీద వేసి ఉంటే మీరు టికెట్టు కొనేవారా?

మామయ్య: కొనేవాణ్ణి. ఎస్వీ రంగారావు కోసం.