అయస్కాంతం అంటని పెనం

మామయ్య: (కొత్త పెనాన్ని పందెంలో గెలిచిన కప్పులా పైకెత్తి) ఇదిగో! కొట్టంతా జల్లెడ పట్టి తెచ్చాను.

అత్తయ్య: స్టవ్ మీద పెట్టండి.

మామయ్య: ముందు మెచ్చుకోవే.

అత్తయ్య: వేడెక్కాక మెచ్చుకుంటా.

(ఇండక్షన్ స్టవ్ కీచుకీచుమని అరిచి ఆగిపోయింది.)

అత్తయ్య: చూశారా, అది కూడా మెచ్చుకోలేదు. అయస్కాంతం పెట్టి చూడమన్నాను కదా, చూశారా లేదా?

మామయ్య: చూడకుండా తెస్తానా? అక్కడున్నవాటన్నిటికీ వరసబెట్టి పెట్టి చూశా. ప్రతిదానికీ లటుక్కున అంటుకుంది. అన్నీ పక్కన పెట్టించేశా. ఇదొక్కటే అంటుకోలేదు. అసలు సిసలు నాన్‌స్టిక్!

(అత్తయ్య కాసేపు ఏమీ అనలేదు. ఆవిడ ఊరుకుందంటే నాకు కంగారు.)

అత్తయ్య: ఏదీ, ఇంకోసారి చెప్పండి.

మామయ్య: అయస్కాంతమే అంటుకుపోయే పెనానికి గుడ్డు అంటుకోదా? ఆ కుర్రాణ్ణి కూడా అదే నిలదీశా. "ఏం బాబూ, అంటుకునే సరుకు నాకు అంటగడదామనా?" అన్నాను. పాపం, వాడికి నోట మాట రాలేదు.

అత్తయ్య: ఎలా వస్తుంది? పనిలో చేరేటప్పుడు ఇలాంటివాళ్ళు కూడా వస్తారని వాడికెవరూ చెప్పి ఉండరు.

మామయ్య: ఏం, తప్పా?

అత్తయ్య: అయస్కాంతం అంటుకోవాలండీ! అడుగున అయస్కాంతం పట్టే ఉక్కు ఉంటేనే ఈ స్టవ్ దాన్ని వేడి చేస్తుంది. మీరు తెచ్చింది ఒట్టి అల్యూమినియం. ఇప్పుడు దీనికి గుడ్డూ అంటుకోదు, అయస్కాంతమూ అంటుకోదు, ఆఖరికి పొయ్యీ అంటుకోదు.

మామయ్య: "అంటుకుంటుందో లేదో చూడండి" అన్నావు. అంటుకోవాలి అన్నావా?

అత్తయ్య: తలుపు వేసి ఉందో లేదో చూడమంటే బార్లా తెరిచి వస్తారా?

మామయ్య: నాన్‌స్టిక్ అడిగేదీ నువ్వే, అంటుకోవాలనేదీ నువ్వేనా!

అత్తయ్య: అది సరే, అయస్కాంతం ఎక్కడ పెట్టి చూశారు?

మామయ్య: లోపల. గుడ్డు వేసేది అక్కడేగా?

అత్తయ్య: అయ్యో, కొత్త పూత మీద ఇనపముక్క పెట్టి రుద్దారా!

మామయ్య: ఆమాత్రం తెలీదా నాకు? గీతలు పడతాయని జేబురుమాలు చుట్టాను. రుమాలు చుట్టినా అంటుకుందే! అప్పుడేసింది నాకు భయం.

(నవ్వు ఆగక నేను ఫ్రిజ్ తెరిచి అందులో తల దూర్చాను. ఫ్రిజ్ తలుపు మీద ఉండాల్సిన చిలకబొమ్మ అయస్కాంతం అక్కడ లేదు. మామయ్య చొక్కా జేబులోంచి తొంగి చూస్తోంది.)

మామయ్య: ఉండు, రుజువు చేస్తా. (స్టీలు గిన్నెకి చిలకని ఆనించాడు. అది టప్పున కింద పడింది.) చూశావా! దీనికీ అంటుకోలేదు!

అత్తయ్య: అయితే?

మామయ్య: ఇంట్లో నాన్‌స్టిక్ గిన్నె పెట్టుకుని నన్ను ఎండలో కొట్టుకి తరుముతావా?

అత్తయ్య: ఈ గిన్నె నికెల్ కలిసిన స్టీలు. ఇలాంటి స్టీలుకి అయస్కాంతం పట్టదు. దీంట్లో గుడ్డు వేస్తే గిన్నెతో సహా కొరుక్కు తినాలి. ఆ మాటకొస్తే మీ బట్టతలకీ చిలక అంటుకోదు. కొట్టమంటారా ఓ గుడ్డు?

మామయ్య: (తల నిమురుకుంటూ) దాని పూత ఎప్పుడో పోయింది లేవే.

అత్తయ్య: పూత పోతే పారేయాలనేది పెనాల సంగతి లెండి.

(ఇది ప్రేమతో అందో, దెప్పుతూ అందో మామయ్యకి తెలిసినట్టు లేదు. నాకు తెలిసింది, కానీ నన్నెవరడిగారు?)

మామయ్య: నేనేదో గుడ్డిగా వెళ్ళాననుకోకు. అంతా చదివే వెళ్ళాను. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే ఆయన ఫ్రిజ్‌లో వాడే గ్యాస్ కోసం ఏదో ప్రయోగం చేస్తున్నాడు. సిలిండర్ బరువు బరువుగానే ఉంది, గ్యాస్ మాత్రం బయటికి రాదు. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి! నాన్‌స్టిక్ పెనాలకి పూసే టెఫ్లాన్ అదే.

అత్తయ్య: అనుమానమొస్తే ఆయన సిలిండర్‌నే కోసి చూశాడు. మీరు పెనాన్ని బోర్లించి కూడా చూడలేదు. ఇండక్షన్‌కి పనికొచ్చేవాటికి అడుగున తీగచుట్ట గుర్తు వేస్తారు.

మామయ్య: తర్వాత ఫ్రాన్సులో గ్రెగ్వార్ అనే ఇంజనీరు దాన్ని గాలం సామానుకి పూస్తుంటే...

అత్తయ్య: వాళ్ళావిడ "అదేదో నా పెనాలకి పూయకూడదా" అంది. ఆయన విన్నాడు. 1956లో టెఫాల్ కంపెనీ పెట్టాడు. పెళ్ళాం మాట సరిగ్గా విన్నవాళ్ళు కంపెనీలు పెడతారండీ.

మామయ్య: నేనూ విన్నానుగా! చిలకని తీసుకెళ్ళానుగా!

అత్తయ్య: ఇంతకీ మీరు పక్కన పెట్టించినవాటిలో ఏమున్నాయి?

మామయ్య: ఒకటి గ్రానైట్. రాయిని రోజూ నువ్వేం మోస్తావని వదిలేశా.

అత్తయ్య: చాలావాటిలో రాయి పేరులోనే ఉంటుంది. మామూలు పూత మీద చుక్కలు చల్లి గ్రానైట్ అంటారు.

మామయ్య: ఇంకోటి సిరామిక్.

అత్తయ్య: దాని జారుడు టెఫ్లాన్ కంటే తొందరగా పోతుంది. వదిలేస్తే వదిలేశారు.

మామయ్య: మరోదాని మీద "పి.ఎఫ్.ఓ.ఎ. లేదు" అని ఇంతింత అక్షరాలు. దాన్నే కొనేద్దామనుకున్నా, చిలక అంటుకుంది.

అత్తయ్య: అది పూత తయారీలో వాడిన రసాయనం. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 కల్లా దాన్ని వాడటం మానేశాయి. ఆ రాతలు చూసి మురిసిపోకుండా, అడుగు మందంగా ఉందా, సమంగా ఉందా అని చూడాలి. పల్చటిదైతే నాలుగు రోజులకే ఒంకరపోయి, నూనంతా ఓ పక్కకి చేరుతుంది.

మామయ్య: ఇంత తెలిసినదానివి పాత పెనాన్ని ఎందుకు పాడుచేసుకున్నావే?

అత్తయ్య: నేనా! ఖాళీ పెనం హైలో పెట్టి పేపరు చదువుకుంటూ కూర్చున్న మహానుభావుడెవరు? 260 డిగ్రీలు దాటితే పూత చెడిపోవడం మొదలవుతుంది. ఇంకా మాడితే ఆ పొగకి పంజరంలో పిట్టలు చచ్చిపోతాయి. మనది బొమ్మ చిలక కాబట్టి గండం గడిచింది.

మామయ్య: నాకూ గడిచిందిగా.

అత్తయ్య: కిటికీలన్నీ తెరిచి మిమ్మల్ని బయటికి లాక్కొచ్చిందెవరు?

(మామయ్య దగ్గర దీనికి జవాబు లేదు. అందుకని గొంతు తగ్గించాడు.)

మామయ్య: నీ మణికట్టు నొప్పి కదా, తేలిగ్గా ఉంటుందని తెచ్చానే. కొట్లో ఒంటిచేత్తో ఊపి ఊపి చూశా. పక్కనున్నావిడ భయపడి దూరం జరిగింది కూడాను.

(అత్తయ్య పెనం అందుకుని ఎత్తి చూసింది. మణికట్టు అటూ ఇటూ తిప్పింది.)

అత్తయ్య: తేలిగ్గానే ఉంది. పిడి కూడా బాగానే కుదిరింది. (అంతలోనే) సైజెంతన్నారు?

మామయ్య: నువ్వు చెప్పిందే. 28 సెంటీమీటర్లు.

అత్తయ్య: అది పై అంచు కొలత. అడుగెంతుంది? గుడ్డు అంచు మీద వేయిస్తామా?

మామయ్య: అయితే టేపు కూడా పట్టుకెళ్ళాలన్నమాట!

అత్తయ్య: చెప్పులు వేసుకోండి. మార్చుకుని వద్దాం.

మామయ్య: ఆ కుర్రాడి మొహం ఎలా చూడనే?

అత్తయ్య: మాట్లాడేది నేను. మీరు వెనకాల నిలబడి చిలకని అందించండి చాలు.

మామయ్య: సరే. ఈసారి అంటుకోవాలి, అంతేగా?

అత్తయ్య: అడుగున అంటుకోవాలి. లోపల అంటుకోకూడదు.

మామయ్య: అయస్కాంతమేగా?

అత్తయ్య: లోపల గుడ్డండీ, గుడ్డు!

మామయ్య: (ఫ్రిజ్ తెరుస్తూ) ఒకటి చాలా, రెండు పట్టుకెళ్దామా?